కరిచే ముందు ఏం జరిగింది?

కుక్కకు జబ్బు చేసినప్పుడు దాన్ని ఎత్తుకుని మా క్లినిక్కుకు వచ్చేవాళ్ల ముఖాల్లో దిగులు ఒక రకంగా ఉంటుంది. అదే కుక్క ఇంట్లో మనిషిని కరిచినప్పుడు ఆ దిగులు మరో రకంగా ఉంటుంది. దానిలో భయం, ఇరుగుపొరుగు ఏమంటారోనన్న సంకోచం, అన్నం పెట్టిన చేతినే కరిచిందన్న బాధ కలిసి ఉంటాయి. ఆ స్థితిలో వాళ్లు చెప్పే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "ఉన్నట్టుండి కరిచేసింది డాక్టరుగారూ, ఏ కారణమూ లేదు." వెంటనే అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "దీన్ని ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎవరికైనా ఇచ్చేయమంటారా?" ఆ మాటకూ ఈ ప్రశ్నకూ మధ్య జరగవలసిన పని చాలా ఉంది. ఆ పని జరగకుండానే కుక్కల భవిష్యత్తు, కొన్నిసార్లు మనుషుల క్షేమం కూడా తేలిపోతున్నాయి కాబట్టి, పశువైద్యుడిగా నేను ఆ పనిని ఎలా చేస్తానో వివరంగా రాస్తున్నాను.

కుక్క దూకుడును నేను జ్వరంలా చూస్తాను. ఒంట్లో వేడిగా ఉందని చెప్పగానే ఏ వైద్యుడూ అంతటితో ఆగి మందు రాయడు. మలేరియానా, టైఫాయిడా, డెంగీనా, ఎక్కడైనా గాయం చీము పట్టిందా అని వెతుకుతాడు. గుర్రుమనడం, పళ్లు చూపడం, మీదికి దూకడం, కరవడం కూడా అలా పైకి కనిపించే లక్షణాలే. ఒకే రకం పంటిగాట్లు పడిన రెండు చేతుల వెనుక పూర్తిగా వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఒక కుక్క తుంటి నొప్పి ఓర్చుకోలేక కరిచి ఉండవచ్చు, మరొకటి అప్పుడే ఈనిన తన పిల్లల దగ్గరకు వచ్చిన మనిషిని కరిచి ఉండవచ్చు. మొదటిదానికి నొప్పి తగ్గించే వైద్యం కావాలి. రెండోదాని విషయంలో కొన్ని వారాలపాటు ఎవరూ అటు వెళ్లకుండా చూసుకుంటే చాలావరకు సమస్య దానంతట అదే తీరుతుంది. భయంతో కరిచే కుక్కను కొట్టి లొంగదీసే శిక్షకుడి దగ్గరకు పంపితే ఆ భయం పెరిగి, తర్వాతి కాటు మరింత లోతుగా దిగుతుంది. ఒక కారణానికి పనికొచ్చే ఉపాయం మరో కారణంలో హాని చేస్తుంది కాబట్టి, "ఈ కుక్క అగ్రెసివ్" అన్న మాటతో వెతుకులాట మొదలవ్వాలి.

మన దేశంలో ఆ వెతుకులాటలో మొదటి మెట్టు రేబిస్. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవారిలో సుమారు 36 శాతం మంది భారతదేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అందువల్ల మనిషిని కరిచిన కుక్క ఎంత ముద్దుగా పెరిగినదైనా సరే, కుక్క సంగతి మాట్లాడకముందే నేను మనిషి సంగతి అడుగుతాను: గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద కనీసం 15 నిమిషాలు కడిగారా, ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టారా అని. గాయం మీద కారమో, సున్నమో, పసుపో పెట్టి కట్టు కట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు. అవేవీ వైరస్‌ను ఆపవు, పైగా గాయాన్ని రేపుతాయి. ఆ తర్వాతే కుక్క టీకా కార్డు చూస్తాను, కుక్కను 10 రోజులు కట్టడిలో ఉంచి గమనించమని చెబుతాను. ఈ 10 రోజుల లెక్కకు ఆధారం ఉంది. రేబిస్ వైరస్ కుక్క చొంగలోకి చేరేది జబ్బు లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే. లక్షణాలు మొదలయ్యాక ఆ కుక్క కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. కాబట్టి కరిచిన నాటి నుంచి 10 రోజులు నిండాక కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే, ఆ కాటు ద్వారా రేబిస్ సోకలేదని నిశ్చింతగా చెప్పవచ్చు. అయితే ఆ 10 రోజులు అయ్యేదాకా మనిషికి టీకా వాయిదా వేయడం ప్రాణాల మీదికి తెచ్చే పని. టీకా ఆ రోజే మొదలవ్వాలి, కుక్కను గమనించడం దాని పక్కనే సాగాలి.

పిచ్చికుక్క అనగానే మన మనసులో మెదిలేది నోట నురగ కక్కుతూ, ఎదురైన ప్రతిదాన్నీ కరుస్తూ పరుగెత్తే కుక్క. అలాంటివి ఉంటాయి, కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది రెండో రకం. ఆ కుక్క కరవదు. ఒక మూల చీకట్లో నక్కి కూర్చుంటుంది, కింది దవడ వేలాడుతుంది, మింగలేక చొంగ కారుస్తుంది, మొరుగు బొంగురుపోతుంది. ఇంట్లోవాళ్లు "గొంతులో ఎముక ఇరుక్కుంది" అనుకుని నోట్లో చేయి పెట్టి వెతుకుతారు. కొన్నిసార్లు ఎముక తీయించమని మా దగ్గరకే తీసుకువస్తారు. పక్షవాతం రూపంలో వచ్చే ఆ రేబిస్‌లో కాటు అవసరమే లేదు. చేతి మీద చిన్న గీత ఉన్నా చొంగ అందులోకి చేరుతుంది. కాబట్టి కుక్క స్వభావంలో హఠాత్తుగా వచ్చిన ఏ మార్పునైనా, కోపంగా ఉండేది సాధువుగా మారినా, సాధువుగా ఉండేది కోపం తెచ్చుకున్నా, టీకా సంగతి స్పష్టంగా తెలియనంతవరకు రేబిస్ అనుమానంతోనే చూడాలి. బతికి ఉన్న కుక్కలో రేబిస్‌ను కచ్చితంగా తేల్చే పరీక్ష మా చేతుల్లో లేదు; చనిపోయాక మెదడు కణజాలాన్ని పరీక్షిస్తేనే నిర్ధారణ. ఈ ఒక్క విషయంలో అతి జాగ్రత్త అన్నది ఉండదు.

రేబిస్ భయం తొలగిన తర్వాత నేను వెతికేది నొప్పిని. దీని మీద కొంచెం ఎక్కువ సేపు నిలబడతాను, ఎందుకంటే సామాన్యంగా తప్పిపోయేది ఇదే. కుక్క నొప్పిని మనలా మూలుగుతూ చెప్పుకోదు. అది తింటుంది, తోక ఊపుతుంది, గేటు దగ్గరకు పరుగెత్తుతుంది. ఇంట్లోవాళ్లకు దానికి నొప్పి ఉందన్న ఊహే రాదు. ఒకసారి ఏడేళ్ల లాబ్రడార్‌ను తీసుకువచ్చారు. ఇంట్లో అందరికంటే దానికి చనువున్న నాయనమ్మనే అది కరిచింది. ఎప్పుడు కరిచిందని అడిగితే, పడుకుని ఉన్నప్పుడు ఆమె వీపు నిమురుతుంటే అన్నారు. ఇంకా వివరంగా అడిగితే, ఈమధ్య అది కారులోకి ఎగరడం మానేసిందనీ, మేడ మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతోందనీ, చలి రోజుల్లో పొద్దున్నే లేవడానికి చాలాసేపు తీసుకుంటోందనీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. "వయసైపోతోంది కదా" అని సరిపెట్టుకున్నారు. ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ బాగా అరిగిపోయి కనిపించాయి. ఆ చేయి ప్రేమగానే పడింది, కానీ సరిగ్గా నొప్పి ఉన్నచోట పడింది. నొప్పికి మందులు వాడి, బరువు తగ్గించి, పడుకున్నప్పుడు ఎవరూ తాకకుండా ముందు పేరు పెట్టి పిలిచే అలవాటు చేసుకున్నాక మళ్లీ కరవలేదు.

ఇది ఏదో ఒక కుక్క కథ అనుకోవద్దు. బ్రిటన్‌లో లింకన్ విశ్వవిద్యాలయంలో కుక్కల ప్రవర్తన మీద పనిచేసే డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరకు పంపబడిన జంతువుల్లో తక్కువలో తక్కువ మూడింట ఒక వంతు వాటికి ఏదో ఒక నొప్పితో సంబంధం ఉందనీ, కొన్ని చోట్ల ఆ వాటా ఇంకా చాలా ఎక్కువగా ఉండవచ్చనీ వారు రాశారు. అందుకే చెవులు ఎత్తి చూడకుండా, పళ్లు చూడకుండా, వెన్నెముక పొడవునా వేళ్లతో నొక్కి చూడకుండా, నడిపించి చూడకుండా నేను ప్రవర్తన గురించి మాట్లాడను. మన కోస్తా ఉక్కలో చెవిలో చీము పట్టడం చాలా సాధారణం. మనం పొమరేనియన్ అని పిలుచుకునే బొచ్చు కుక్కల్లో అది బొచ్చు కింద దాగి, తల నిమరబోయిన పిల్లవాడి వేలు తెగినప్పుడు బయటపడుతుంది. విరిగిన పన్ను, ఆసన గ్రంథుల వాపు, గోమార్ల వల్ల వచ్చే జ్వరంతో కీళ్ల నొప్పులు, ఇవన్నీ ఈ వరుసలోనివే.

నొప్పి తర్వాత మిగతా జబ్బులు. థైరాయిడ్ గ్రంథి మందగించడం, మూర్ఛకు ముందూ వెనుకా వచ్చే అయోమయం, కాలేయం సరిగా పనిచేయక విషపదార్థాలు మెదడుకు చేరడం, మెదడులో గడ్డలు, ముసలి కుక్కల్లో మతిమరుపు, చూపూ వినికిడీ తగ్గడం, వీటిలో ఏదైనా కుక్కను కరిచేలా చేయవచ్చు. కళ్లు మసకబారిన కుక్క మీదికి హఠాత్తుగా చేయి వస్తే అది ఎవరిదో తెలిసేలోగా నోరు ముందుకు వెళుతుంది. దురదకని ఇచ్చే స్టెరాయిడ్లు కొన్ని కుక్కల్లో ఆకలినీ, చిరాకునూ పెంచుతాయి. అంతకుముందు గిన్నె దగ్గర మంచిగా ఉన్న కుక్క ఆ మందులు వాడుతున్న రోజుల్లో గుర్రుమంటే, ఆ సంగతి మందు రాసిన డాక్టరుకు చెప్పాలి. రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే చేయమన్నప్పుడు "కరిచినదానికి రక్తపరీక్ష ఎందుకు?" అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

శరీరంలో ఏ లోపమూ దొరకనప్పుడు అసలు పని మొదలవుతుంది. అది ఇంట్లోవాళ్లను అడగడం. నేను ఇంటిల్లిపాదినీ రమ్మంటాను, ముఖ్యంగా కుక్కకు అన్నం పెట్టేవాళ్లనూ, పిల్లలనూ. ఇంటి యజమాని చెప్పేది తన అభిప్రాయం, పిల్లలు చెప్పేది తాము చూసింది. ఈ తేడా నాకు చాలాసార్లు మేలు చేసింది. ఎవరిని కరిచింది, ఎక్కడ, ఆ మనిషి నిలబడి ఉన్నాడా, వంగి ఉన్నాడా, కుక్క కట్టేసి ఉందా, విడిగా ఉందా, దగ్గర్లో తిండి గానీ బంతి గానీ మరో కుక్క గానీ ఉందా, కరిచి వదిలేసిందా, పట్టుకుని గుంజిందా, ఆ తర్వాత ఎంతసేపటికి మామూలైంది, ఇంతకుముందు ఎప్పుడైనా గుర్రుమందా? కుక్కను మళ్లీ రెచ్చగొట్టి వీడియో తీయమని మాత్రం ఎవరినీ అడగను. ఎవరైనా అలా తీసి తెచ్చినా మెచ్చుకోను. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు వచ్చేసరికి "ఉన్నట్టుండి" అన్న మాట దాదాపు ఎప్పుడూ కరిగిపోతుంది. కుక్క చాలా రోజులుగా చెబుతూనే ఉంది, ఆ భాష మనకు తెలియలేదు.

ఆ భాష నేర్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఇబ్బంది పడుతున్న కుక్క మొదట ముఖం పక్కకు తిప్పుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తిండి లేకపోయినా ముక్కు నాక్కుంటుంది. దాన్ని పట్టించుకోకపోతే ఒళ్లు పక్కకు తిప్పుతుంది, లేచి వెళ్లిపోవాలని చూస్తుంది. వెళ్లే దారి లేకపోతే చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య దాచుకుని ముడుచుకుంటుంది. అప్పటికీ ఆగకపోతే ఒళ్లు బిగుసుకుపోతుంది, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా గుచ్చి చూస్తుంది, ఆపైన గుర్రుమంటుంది, గాల్లో కరిచినట్టు పళ్లు టకటకలాడిస్తుంది, చివరికి కరుస్తుంది. బ్రిటిష్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ ఈ క్రమాన్ని నిచ్చెన మెట్లుగా వివరించారు. ప్రతి కుక్కా ప్రతి మెట్టూ ఎక్కుతుందని కాదు. కింది మెట్ల మీద చెప్పిన మాటను ఎవరూ వినరని అనుభవంతో తెలుసుకున్న కుక్క వాటిని వదిలేసి నేరుగా పైకి వెళ్లిపోతుంది. మూడేళ్ల పిల్లవాడు కుక్క మెడ కౌగిలించుకుని ముఖంలో ముఖం పెట్టిన ఫోటోలు నాకు ఎంతోమంది ఆనందంగా చూపిస్తారు. ఆ ఫోటోల్లో పిల్లవాడు నవ్వుతుంటాడు, కుక్క మాత్రం మెడ అవతలికి తిప్పుకుని నోరు బిగించి ఉంటుంది. అది చూసినప్పుడు నాకు గుండె గుబేలుమంటుంది.

మొరిగే కుక్క కరవదని మనకొక సామెత ఉంది. వైద్యుడిగా నేను దాన్ని నమ్మవద్దనే చెబుతాను. గేటు దగ్గర గొలుసుతో కట్టేసిన కుక్కను తీసుకోండి. కొరియర్ అబ్బాయి వస్తాడు, కుక్క భయంతో మొరుగుతుంది, అతడు పార్శిల్ ఇచ్చి వెళ్లిపోతాడు. అతడు వెళ్లింది పని అయిపోయినందుకు. కుక్కకు అర్థమైంది మాత్రం తన అరుపుతో అతడు పారిపోయాడని. ఇది రోజూ జరుగుతుంది, రోజూ కుక్కే గెలుస్తుంది. భయంగా మొదలైన మొరుగు కొన్ని నెలల్లో ధీమాగా మారుతుంది. గొలుసు దాన్ని వెనక్కి పోనివ్వదు కాబట్టి దానికి మిగిలినది ముందుకు దూకడమే. ఒకరోజు గొలుసు తెగుతుంది, లేదా గేటు తెరిచి ఉంటుంది. ఆ కుక్కకు కావలసిన మార్పు ఆ చోటు నుంచే మొదలవ్వాలి: దాన్ని గేటుకు దూరంగా, మనుషుల రాకపోకలు కనిపించనిచోట ఉంచడం, కొత్త మనిషి కనబడినప్పుడల్లా దూరం నుంచే దానికి ఇష్టమైన తిండి అందేలా చూడడం.

గుర్రుమన్న కుక్కను కొట్టడం గురించి నేను ఎంత గట్టిగా చెప్పినా సరిపోదు. గుర్రు అంటే కరవడానికి ముందు ఇచ్చే గడువు. దెబ్బలతో దాన్ని మాన్పిస్తే కుక్కలో భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మేఘన్ హెరాన్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశీలనలో, ప్రవర్తన సమస్యలున్న కుక్కల యజమానులను తాము ఏ పద్ధతులు వాడారో, కుక్క ఎలా స్పందించిందో అడిగారు. కొట్టడం, తన్నడం చేసినవారిలో 43 శాతం మందికి కుక్క తిరిగి దూకుడుగా స్పందించింది. బలవంతంగా వెల్లకిలా పడేసి అదిమిపట్టినవారిలో 31 శాతం మందికి అదే జరిగింది. ఈ అదిమిపట్టే పద్ధతి వెనుక "కుక్క ఇంట్లో నాయకుడు కావాలని చూస్తోంది, దాన్ని లొంగదీయాలి" అన్న నమ్మకం ఉంది. దానికి మూలం 1947లో జంతువుల ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బేసెల్ జంతుప్రదర్శనశాలలో, బోనులో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన పరిశీలన. తోడేళ్ల నిపుణుడు డేవిడ్ మెక్ తొలిరోజుల్లో ఆ ఆలోచనకే ప్రచారం కల్పించినా, కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశారు. తోడేళ్ల విషయంలోనే నిలవని ఆ సిద్ధాంతాన్ని మన ఊళ్లలో కొందరు శిక్షకులు ఇంకా కుక్కల మీద అమలు చేస్తున్నారు. ఆ శిక్షణ తర్వాత నా దగ్గరకు వచ్చే కుక్కలు నిశ్శబ్దంగా ఉంటాయి, చేయి దగ్గరకు రాగానే వణుకుతాయి. వాటిని పరీక్షించేటప్పుడు నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

తిండి కాపలా, అంటే గిన్నె దగ్గరకో ఎముక దగ్గరకో ఎవరు వచ్చినా గుర్రుమనడం, గుర్తించడానికి తేలికైనది. గిన్నె లాక్కుని తామే పెద్దవాళ్లమని చూపించాలనుకునేవారు ఆ కుక్క భయాన్ని నిజం చేస్తున్నారు. అటుగా వెళుతూ గిన్నెలో మరో మంచి ముక్క వేసి వెళ్లిపోయేవారు ఆ భయాన్ని తగ్గిస్తున్నారు. ఈనిన కుక్క సంగతి ఇంతకుముందే చెప్పాను. రెండు కుక్కలు కొట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో చేయి పెడితే తగిలే కాటు, దారి తప్పిన కాటు. ఆ కుక్కకు మీ మీద కోపం లేదు. వేట ప్రవృత్తి మాత్రం వీటన్నిటికీ భిన్నమైనది. దానిలో గుర్రు ఉండదు, హెచ్చరిక ఉండదు. కుక్క నిశ్శబ్దంగా కోడి మీదికో, మేకపిల్ల మీదికో, వేగంగా కదిలేదాని వెంటో వెళుతుంది. హెచ్చరిక లేకపోవడం వల్ల ఇది మిగతావాటికంటే ప్రమాదకరం, నా వైద్యానికి అన్నిటికంటే తక్కువగా లొంగేది కూడా ఇదే.

ఇప్పటిదాకా ఇంటి కుక్కల గురించే చెప్పాను. వీధి కుక్కల విషయంలో అడగడానికి ఇల్లు ఉండదు, చెప్పడానికి మనిషి ఉండడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి వీధి కుక్కల గుంపు చంపిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మాట రాదు. ఒంటరిగా తిరిగే కుక్క ప్రవర్తన వేరు, గుంపులో దాని ప్రవర్తన వేరు. ఒకటి మీదికి వెళితే మిగతావి కారణం తెలియకుండానే కలుస్తాయి, పరుగెత్తే చిన్న శరీరం వాటిని ఇంకా ఉసిగొల్పుతుంది. పిల్లలు తిరిగే చోట అలాంటి గుంపు ఏర్పడనివ్వకూడదు. చెత్తకుప్పలు, మాంసం దుకాణాల వ్యర్థాలు ఉన్నచోటే గుంపులు నిలుస్తాయి కాబట్టి మున్సిపాలిటీ పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, విక్రమ్ నాథ్, సందీప్ మెహతా, ఎన్.వి. అంజారియా న్యాయమూర్తులుగా ఉన్న ధర్మాసనం ద్వారా ఇచ్చిన ఉత్తర్వులో, పట్టుకున్న వీధి కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. రేబిస్ ఉన్నవాటికీ, ఆ అనుమానం ఉన్నవాటికీ, దూకుడు ప్రవర్తన చూపేవాటికీ ఆ వెసులుబాటు వర్తించదని కూడా చెప్పింది. మనుషుల రక్షణ కోసం ఆ మినహాయింపు ఉండవలసిందేనని నా అభిప్రాయం. అయితే అమలులో "ఇది దూకుడు కుక్క" అని తేల్చేది ఎవరు, ఏ క్షణంలో చూసి? వల వేసి పట్టుకుని, బోనులో పెట్టి, చుట్టూ పది కుక్కలు అరుస్తున్న షెడ్డులో చూస్తే ఏ కుక్కైనా పళ్లు చూపిస్తుంది. అది ఆ క్షణపు భయం గురించి మాత్రమే చెబుతుంది. మరోవైపు, వీధిలో ముగ్గురిని కరిచిన కుక్క బోనులో మూలకు నక్కి సాధువుగా కనిపించవచ్చు. కాబట్టి పట్టుకునే ముందే ఆ వీధివాళ్లను అడిగి రాసుకోవాలి: ఎవరిని, ఎప్పుడు, ఏ సందర్భంలో కరిచింది, దగ్గర్లో పిల్లలున్నాయా, కుంటుతోందా, గాయముందా అని. ఇంటి కుక్కకు నేను వేసే ప్రశ్నలే ఇవి. ఒక కాగితం, ఒక కలం, కొంచెం ఓపిక ఉంటే వార్డు సిబ్బంది చేయగల పని ఇది.

జాతి గురించి కూడా తరచూ అడుగుతారు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. తర్వాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం, 18,000కు పైగా కుక్కల గురించి యజమానులు ఇచ్చిన సమాచారాన్ని, 2,000కు పైగా కుక్కల జన్యుక్రమాన్ని కలిపి చూసి, ఒక్కో కుక్క ప్రవర్తనలో ఉండే తేడాలలో సుమారు 9 శాతాన్ని మాత్రమే జాతి వివరించగలదని తేల్చింది. అంటే ఎదురుగా ఉన్న కుక్క కరుస్తుందా లేదా అన్నది దాని జాతి చూసి చెప్పలేం. అంతమాత్రాన జాతి లెక్కలోకి రాదని నేను అనను, ఎందుకంటే దవడ బలం, ఒంటి బరువు లెక్కలోకి వస్తాయి. చిన్న కుక్కలు తక్కువేమీ కరవవు. వాటి కాటుకు ఎవరూ ఫిర్యాదు చేయరు. 45 కిలోల కుక్క అదే భయంతో కరిస్తే చేయి పనికిరాకుండా పోవచ్చు. అపార్ట్‌మెంటులో, రోజంతా ఎవరూ లేని ఇంట్లో, శిక్షణకు సమయం లేని దంపతులు రాట్‌వైలర్‌ను తెచ్చుకుంటామంటే నేను వద్దనే చెబుతాను.

ఆ కొనుగోలు దగ్గరే మరో మాట చెప్పాలి. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు లోకంతో పరిచయం చేసుకునే కాలం. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలతో ఈ సంగతి 1960ల నాటికే స్థిరపడింది. తల్లితో, తోబుట్టువులతో ఆడుకునేటప్పుడే పిల్ల తన పంటి బలాన్ని అదుపులో ఉంచుకోవడం నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, మన దగ్గర నెల రోజుల పిల్లలను అమ్మడం మామూలుగా సాగిపోతోంది. ఆ పిల్లను కొన్నవాళ్లు టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటించరు. జబ్బుల భయంతో చేసేదే అయినా, ఎత్తుకుని వీధి చూపించడం, టీకాలు వేసిన కుక్కలున్న ఇళ్లకు తీసుకువెళ్లడం, గొడుగులూ హెల్మెట్లూ చేతికర్రలూ ఉన్న మనుషులను చూపించడం ఆ వయసులోనే జరగాలి. మూడేళ్ల తర్వాత కరిచే కుక్కగా నా దగ్గరకు వచ్చినప్పుడు ఆ వారాలను తిరిగి తేలేను.

కారణం తేలాక వైద్యం నెమ్మదిగా సాగుతుంది. మొదటి పని కాటు మళ్లీ జరగకుండా చూడడం, ఎందుకంటే ప్రతి కాటూ కుక్కకు ఒక అభ్యాసమే. గదుల మధ్య చిన్న తలుపు, బయటికి వెళ్లేటప్పుడు బుట్ట ఆకారంలో ఉండే మూతితొడుగు. నోరు పూర్తిగా కట్టేసే గుడ్డ తొడుగుతో కుక్క వగర్చలేదు, మన ఎండల్లో అది ప్రాణాంతకం. బుట్ట తొడుగులో అది నీళ్లు తాగగలదు, తిండి ముక్క అందుకోగలదు. దాన్ని తిండితో మెల్లగా అలవాటు చేయాలి. ఆ తర్వాత భయపెట్టే విషయాన్ని దూరం నుంచి, కుక్క భరించగలిగినంత మేరకే, మంచి అనుభవంతో జోడించి చూపడం. కొన్నిటికి ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటీన్ వంటి మందులు అవసరమవుతాయి. అవి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. "పూర్తిగా నయమవుతుందా?" అని అడిగితే, కరవడానికి కారణమయ్యే సందర్భాలను తప్పించగలిగితే చాలా కుక్కలతో క్షేమంగా బతకవచ్చని చెబుతాను. నయమైందన్న మాట మాత్రం వాడను.

అన్ని ఇళ్లలోనూ అది సాధ్యం కాదు. కాటు ఎంత లోతుగా దిగిందో చూస్తాను. కుక్కల ప్రవర్తన నిపుణుడు, పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ కాటు తీవ్రతను బట్టి చేసిన ఆరు స్థాయుల విభజన దీనికి బాగా ఉపయోగపడుతుంది. చర్మం తెగకుండా పళ్లు తాకించి వదిలిన కుక్క తనను తాను ఆపుకోగలదు. కోరపన్ను సగానికి పైగా దిగేలా కరిచి గుంజిన కుక్కకు ఆ అదుపు లేదు. అలాంటి కుక్క, ఎప్పుడు కరుస్తుందో ఊహించలేని కుక్క, పాకే పిల్లలున్న ఇంట్లో ఉండకూడదని స్పష్టంగా చెబుతాను, ఎదురుగా ఉన్నవాళ్లు ఏడ్చినా సరే. పిల్లలు లేని, అనుభవం ఉన్న ఇల్లు దొరికితే మంచిది. నొప్పి గానీ మెదడు జబ్బు గానీ తగ్గే దారి లేక, కుక్క కూడా ప్రతి క్షణం భయంతో నలుగుతున్నప్పుడు, దాన్ని నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం గురించి కూడా ఆ కుటుంబంతో కూర్చుని మాట్లాడతాను. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను ప్రేమ లేనివాళ్లని ఎవరూ అనకూడదు.

కుక్కను వేరే ఇంటికి ఇస్తున్నవారిని నేను ఒక్కటి కోరతాను. ఊరి బయట వదిలేసి రావద్దు, కరిచిన సంగతి దాచి ఇవ్వవద్దు. ఎవరిని, ఏ తేదీన, ఏ స్థితిలో, ఎంత లోతుగా కరిచిందో, దానికి ముందు ఏ సంకేతాలు ఇచ్చిందో, దేనికి భయపడుతుందో, దేనితో శాంతిస్తుందో తేట తెలుగులో ఒక కాగితం మీద రాసి, టీకా కార్డుతో పాటు ఆ కొత్త ఇంటివాళ్ల చేతిలో పెట్టండి.